పద్నాలుగా, ఏడున్నరా

సోల్డరింగ్ పొగ ముక్కుకు తగిలితే చాలు, నాకు ప్రభుదాస్ అన్న భుజం గుర్తుకొస్తుంది. గిటార్ బెల్టు ఒరిసి ఒరిసి పలచబడ్డ తెల్లచొక్కా భుజం. ఇవాళ ఆ పొగ మా వంటింటి బల్ల మీద లేస్తోంది. అన్న పోయాక ఆయన ఇంటివాళ్లు నాకిచ్చిన ఎలక్ట్రిక్ గిటార్‌లో పికప్ చచ్చిపోయింది. తీగల కింద ఉండి, వాటి కదలికను కరెంటుగా మార్చే రాగి చుట్ట అది. దాన్ని విప్పి తీశాను. ఆదివారం మా చర్చి వార్షికోత్సవం. పాటలు నడిపించేది నా భార్య సునీత. బల్ల మీద రెండు కొత్త పికప్‌లున్నాయి. మీటరు పెడితే ఒకటి పద్నాలుగు కిలో ఓంలు, ఇంకోటి ఏడున్నర. ఏది బిగించాలో తేలడం లేదు.

ప్రభుదాస్ అన్నకు మణుగూరులో మోటార్ వైండింగ్ షాపు ఉండేది, కాలిన మోటార్లకు రాగి తీగ మళ్లీ చుట్టే పని. నేను అక్కడ పనికి కుదిరి, ఏ మోటారుకు ఎన్ని చుట్లు, ఎంత తీగ అన్నది ఎవరూ చెప్పకుండానే లెక్క కట్టడం నేర్చుకున్నాను. నన్నడగకుండా అన్న తీగ కోసేవాడు కాదు. "మా తమ్మి నోట్లె తక్కెడ ఉంది" అనేవాడు వచ్చినవాళ్లతో. పొంగిపోయేవాణ్ణి. కానీ చర్చిలో ఆ తక్కెడకు విలువ లేదు. అక్కడ ఇద్దరం గిటార్ వాయించేవాళ్లం, కానీ ఆయన తీగ మీటితే కునుకు తీసే ముసలమ్మలు కూడా తలలు ఎత్తేవాళ్లు. పెళ్లయిన కొత్తలో, మా ఇద్దరి వాయింపులో తేడా ఏమిటని సునీతను అడిగితే దాచకుండా చెప్పింది: "నువ్వు వాయిస్తే లెక్క తప్పదు. అన్న వాయిస్తే పాట ఆగదు." నవ్వాను గానీ, ఆ పూట అన్నం సయించలేదు.

ఆయన్ని దాటాలనే, దొరికినవాటిలో అన్నిటికన్నా పెద్ద అంకె ఉన్న పికప్ తెప్పించి నా గిటార్‌కు బిగించాను. చుట్లు పెరిగితే బలం పెరుగుతుందని మా వైండింగ్ బుద్ధి. దుమ్ముగూడెం అవతల అడవి పల్లెలో ప్రార్థన కూడిక. రేకుల పందిరి, జనరేటరు. నేను లీడ్ గిటార్ అందుకోగానే ఆ మోత పందిరంతా దుప్పటిలా కప్పేసింది. పాడే ఆడవాళ్లు ఒక్కొక్కరే నోళ్లు మూశారు. చివరికి సునీత కూడా. అన్న మెల్లగా వచ్చి తన గిటార్ నాకిచ్చి, నాది తను తగిలించుకున్నాడు. సౌండు సగానికి తగ్గించి, వాళ్లు ఊపిరి తీసుకునే ఖాళీల్లో మాత్రం వాయించాడు. అదే పికప్. వాళ్లు మళ్లీ పాడారు. తిట్టినా అంత మండేది కాదు.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో మోచేత్తో పొడిచాడు. "ఏంది తమ్మీ, మూతి గట్ల ముడుచుకున్నవ్?"

"నా గిటార్ నీ చేతిల ఎట్ల పాడిందన్నా?"

"మోటరుకు నీళ్లు తోడుడు ఒక్కటే పని. దీనికి పక్కన పాడేటోళ్లుంటరు గద! ముందు వైరు పీకి ఉత్తగ వాయించు. మా చెల్లెను పక్కన పాడమను. గొంతు ఏడ మునుగుతదో చూడు. గప్పుడు పికప్ ఎంచు."

సరైన మాటే. అది ఆయన నోటి నుంచే రావడం నాకు నచ్చలేదు. ఇవాళ వంటింటి బల్ల ముందు ఆ మాటే తలుచుకుంటూ మళ్లీ మీటరు అందుకున్నాను.

"ఏందయ్యా, దానికి జరమొచ్చిందా? ఇంకెన్నిసార్లు మీటరు పెడతవ్?" సునీత పొయ్యి దగ్గర నుంచి వెక్కిరించింది.

"ఒక చరణం పాడు" అన్నాను.

వైరు లేకుండా వాయించాను. ఆ గిటార్ చెక్కకు పుట్టుకతోనే లావు గొంతు. సునీత గొంతు కిందికి దిగిన చోట దాని కింద మునిగింది. పద్నాలుగు పెడితే ఆ లావు ఇంకా పెరుగుతుందని దాన్ని పక్కన పెట్టాను. ఏడున్నరను అతికించి, ఆంప్లిఫయర్‌కు తగిలించి మళ్లీ అందుకున్నాను. ఈసారి ఆమె కళ్లు మూసుకుని చివరి దాకా పాడింది. తెరిచి, నావైపు కాదు, గుమ్మం వైపు చూసింది.

"అచ్చం అన్నే వచ్చి వాయించినట్టుందయ్యా."

ఎంచింది నేను. అతికించింది నేను. వాయించింది నేను. పోయిన మనిషి మీద అసూయ ఏమిటంటారా? ఆయన బతికున్నప్పుడు ఆదివారాలే పడేవాణ్ణి. ఇప్పుడు ఆయన మా వంటింటి దాకా వచ్చాడు.

"ఇంకోసారి పాడు" అన్నాను బిగ్గరగా.

పాడింది. ఆమె ఊపిరి తీసుకునే దాకా నా వేళ్లు వాటంతటవే కాచుకున్నాయి. అవి కూడా ఆయన మాటే వింటున్నాయని ఒళ్లు మండింది. పాట మాత్రం ఆగలేదు.