బండ వెనక సర్దారు

ఆఫీసులో కూర్చుని ఆటలాడితే జీతమిస్తారంటే మా ఇంట్లో ఎవరూ నమ్మని రోజులవి. నిజం చెప్పాలంటే నేనూ పూర్తిగా నమ్మలేదు. హైటెక్ సిటీలో వీడియో గేములు తయారుచేసే ఓ చిన్న కంపెనీలో, ఆటలో తప్పులు పట్టే ఉద్యోగం నాది. ఆరు నెలలు చూసి, పనికొస్తాననుకుంటే ఉంచుకుంటారు. లేదంటే కొత్తగూడలో హాస్టల్ ఖాళీ చేసి ఒంగోలు బస్సెక్కాలి. ఐదో నెలలో నా చేతికొచ్చింది పాతకాలపు యుద్ధం ఆట. కోటలు, గుర్రాలు, ఈటెలవాళ్లు, విలుకాళ్లు. మా దగ్గర పని ముక్కలుగా పంచుతారు. నా వాటాకి విలుకాళ్లు వచ్చారు. సర్దారు (గుర్రమెక్కి సైన్యాన్ని నడిపే పెద్దమనిషి) ఇంకో అమ్మాయి వాటా.

నా విలుకాళ్లతో చిక్కల్లా ఒకటే, పారిపోయేవారు. ప్రతి దళం నెత్తిమీదా వాళ్ల ధైర్యమెంతో చూపే పచ్చగీత ఉంటుంది. అది ఎర్రబడిందంటే విల్లు పారేసి పరుగే. గుట్ట మీద నిలబెట్టాను, పారిపోయారు. ముందు ఈటెలవాళ్లను కాపలా పెట్టాను, వాళ్ల మధ్యలోంచి దూరి మరీ పారిపోయారు. శత్రువు దగ్గరికొచ్చేదాకా బాణం వెయ్యొద్దన్నాను. తీరా శత్రువు వచ్చేసరికి వెయ్యడానికి అక్కడెవరూ లేరు. తప్పు ఆటదేనని తేల్చుకుని టికెట్ మీద టికెట్ రాశాను (తప్పు దొరికితే మేం రాసి పంపే ఫిర్యాదు పేరు అది). "విలుకాళ్లు కారణం లేకుండా పారిపోతున్నారు." సైనికుల ధైర్యానికి కోడ్ రాసినావిడ వరంగల్ వైపు మనిషి, ఆఫీసంతా 'ధైర్యం అక్క' అనేవాళ్లం. ప్రతి టికెట్టూ ఒకే మాటతో వెనక్కొచ్చేది: "ఇది తప్పు కాదు, గిట్లనే ఉండాలె." ఎట్లా ఉండాలో నాకు ముక్క అర్థమైతే ఒట్టు.

అమ్మ ఒంగోల్లో నర్సు. మధ్యాహ్నం డ్యూటీ మధ్యలో ఫోన్ చేసి "మీవాళ్లు నిలబడ్డారా?" అని అడిగేది. లేదంటే "చర్చిలో ప్రార్థన చేయిస్తాలే" అనేది. (చేయించింది కూడా. నా కింద పనిచేసేవాళ్లు ఉద్యోగం మానేసి పోతున్నారనుకుని, వాళ్ల మనసు మారాలని పాస్టరుగారు ప్రార్థించారట.)

ఇంతలో ఆట కొనబోయేవాళ్లు వీడియో కాల్‌లో వంతెన యుద్ధం చూస్తామన్నారు. విలుకాళ్లు నావాళ్లు కాబట్టి ఆడి చూపించాల్సిందీ నేనే. నన్ను ఉంచుతారో పంపుతారో ఆ గంటలో తేలిపోతుంది. మేనేజరుగారు (భీమవరం ఆయన, మంచివారే) "కంగారు పడకండమ్మా, నేనిక్కడే ఉన్నానండి" అని అద్దాల గదిలోకి వెళ్లి తలుపేసుకున్నారు. ఆయనలా వెళ్లగానే ఒకరికి టీ గుర్తొచ్చింది, ఇంకొకరికి ఫోనొచ్చింది. చూస్తే నా చుట్టూ కుర్చీలన్నీ ఖాళీ. మేనేజరుగారి మెసేజ్ మాత్రం వచ్చింది: "కానివ్వండి, నేనిక్కడే ఉన్నాను." అక్కడ తెర మీద పచ్చగీతలు పసుపుపచ్చగా మారుతున్నాయి. నాకు ఏడుపొకటే తక్కువ.

ధైర్యం అక్క ఎటునుంచి వచ్చిందో, కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చుంది. మైకు మూసేసి, "ఏం పిల్లా, సర్దార్ ఏడున్నడు?" అంది.

"బండ వెనక, అక్కా."

"ఆడేం జేస్తున్నడు?"

"ఆయన చస్తే ఆట అయిపోతుంది కదా... పైగా ఆయన నా వాటా కాదు."

అక్క నన్నోసారి, తెరనోసారి చూసింది. "ఇన్ని దినాల సంది ఆయన్ను ఆడనే దాచినవా? ఒక్క టికెట్ల గూడ రాయకపోతివి! కనవడని సర్దార్ కోసం ఎవడు నిలబడ్తడే? జర ముందుకు తే."

తెచ్చాను. గుర్రం విలుకాళ్ల పక్కకు రాగానే గీతలన్నీ పచ్చబడ్డాయి. ఒక్కడు కదల్లేదు. శత్రువు వంతెన మధ్యకు వచ్చేదాకా ఊపిరి బిగబట్టి నిలబడి, అప్పుడు వదిలారు బాణాలు. ఆ ఆనందంలో సర్దారును ఏకంగా వంతెన మీదికే తోలాను. వెంటనే ఓ బాణం తగిలి పోయాడు. ఆట అయిపోయింది, మేం ఓడిపోయాం. ఇక బస్సు టికెట్టే అనుకుంటుంటే కాల్‌లో చప్పట్లు! విలుకాళ్లు నిలబడిన తీరు వాళ్లకు తెగ నచ్చిందట. ఓడిపోతే చప్పట్లేమిటో నాకు అర్థం కాలేదు. ఉద్యోగం ఖాయమైందన్న కాగితం వచ్చినా మూడుసార్లు చదివితే గాని నమ్మలేదు. "మావాళ్లు నిలబడ్డారమ్మా, సర్దారు మాత్రం పోయాడు" అంటే అమ్మ "అయ్యో, పిల్లలున్నారా?" అంది.

ఇప్పుడు నాకూ ఓ అద్దాల గది ఉంది. మొన్న మా కొత్తమ్మాయి ఇలాగే ఎవరికో ఆట చూపిస్తోంది. నేను గదిలో కూర్చుని "కానివ్వండి, నేనిక్కడే" దాకా టైపు చేసి ఆగిపోయాను. అద్దంలోంచి చూస్తే ఆ పిల్ల చుట్టూ మూడు కుర్చీలు ఖాళీ. సర్దారును బండ వెనక దాచి, గుట్టనీ ఈటెలవాళ్లనీ అనుమానించిన అప్పటి పిచ్చిపిల్ల గుర్తొచ్చి నవ్వొచ్చింది, కాస్త సిగ్గూ వేసింది. లేచి వెళ్లి పక్కన కూర్చున్నాను.

"ఏమన్నా కావాల్నా మేడం?" అంది బెదురుగా.

"ఏం లేదమ్మా, నువ్వు కానివ్వు" అన్నాను. అక్కడ కూర్చుని ఏం చెయ్యాలో నాకు నిజంగా తెలియదు. టీకి వెళ్లినవాళ్లు మాత్రం ఒక్కొక్కరే వచ్చి కూర్చున్నారు.