వెలుగు తెగితే ఆగే మోటారు

మా పైవాటాలో ఉండే టీచర్‌గారు చనిపోయిన సంగతి నాకు వార్తగానే వచ్చింది. సాయంత్రం ఏలూరు స్టేషన్ నుంచి మా విలేకరి ఫోన్ చేశాడు. తాడేపల్లిగూడెం వైపు నుంచి వచ్చిన పాసింజరులో, కిటికీ పక్క సీట్లో ఒకావిడ చనిపోయి ఉన్నారన్నాడు. ఆవిడ నిద్రపోతున్నారని పక్కవాళ్లు అనుకున్నారట. అలవాటు ప్రకారం అడగాల్సినవి అడిగాను.

“వయసెంత ఉంటుంది?”

“యాభై దాటి ఉంటాయండీ.”

“గుర్తుపట్టడానికి ఏమైనా ఉందా?”

“బ్యాగులో టిఫిన్ బాక్సు, సుద్దముక్కలు ఉన్నాయండీ. ఒక కరెంటు టెస్టరు కూడా ఉంది. ఆడవాళ్ల బ్యాగులో టెస్టరెందుకో మరి.”

ఎందుకో నాకు తెలుసు. పెన్ను చేతిలోనే ఉంది గానీ, ఆ తర్వాత అతను చెప్పిందేదీ రాసుకోలేదు. ఆ పొద్దునే ఆవిడ మెట్లు దిగుతూ, “రిపోర్టరుగారూ, మన గేము సంగతి ఇవాళో రేపో వాళ్లు తేల్చేస్తారండీ” అన్నారు. సాయంత్రం మాట్లాడుకుందామన్నాను. గుండె ఆగిపోయిందని డాక్టర్లు చెప్పారు. చావు వార్తలు రాయడం నా ఉద్యోగంలో భాగం. ఈ ఒక్కటి మాత్రం ఇంకా నమ్మకం కలగడం లేదు. పైన కుర్చీ జరిపిన చప్పుడైతే ఇప్పటికీ ఆవిడే అనుకుంటున్నాను.

ఆవిడ తాడేపల్లిగూడెంలో ఒక హైస్కూల్లో ఫిజిక్సు చెప్పేవారు. రోజూ రైల్లో వెళ్లి వచ్చేవారు. మా రెండు వాటాలకీ కరెంటు మెయిన్ స్విచ్చి మెట్ల కింద ఉంటుంది. అది పడిపోయినప్పుడల్లా నేను వెళ్లి పైకి ఎత్తబోయేవాణ్ణి. పైనుంచి కేక వినపడేది.

“ఆగండి! ముందు చూడండి, తర్వాత వెయ్యండి.”

టెస్టరూ టార్చిలైటూ పట్టుకుని దిగేవారు. రెండిళ్లలో కరెంటు మీద నడిచే ప్రతి వస్తువూ చూసేదాకా స్విచ్చి ముట్టుకోనిచ్చేవారు కాదు. ఒకసారి మా ఆవిడకి విసుగొచ్చింది.

“ఇడ్లీపిండి సగంలో ఆగిపోయిందండీ టీచర్‌గారూ.”

“ఆగనివ్వండమ్మా, పిండే కదా.”

ఈ పట్టుదల కొల్లేరు నుంచి వచ్చింది. ఆవిడ దగ్గర చదువుకున్న కుర్రాడొకడు అటువైపు చేపల చెరువు మీద పనికి కుదిరాడు. ఒకరోజు చెరువులో నీళ్లకి గాలి అందించే చక్రాన్ని తిప్పే మోటారు ఆగిపోతే, ఏం చుట్టుకుందోనని నీళ్లలోకి దిగాడు. షెడ్డులో ఉన్న అతని స్నేహితుడు అది చూడలేదు. మోటారు ఆగిందని స్టార్టరు మళ్లీ నొక్కాడు.

ఆ చావు వార్త కోసం నేనూ వెళ్లాను. టీచర్‌గారు అప్పటికే గట్టు మీద ఉన్నారు. స్టార్టరు నొక్కినతనూ అక్కడే కూర్చుని ఉన్నాడు. “ఆగిపోయింది కదా అని వేశానండీ” అన్నాడు. అడిగిన ప్రతివాళ్లతోనూ ఆ ఒక్క మాటే అంటున్నాడు.  టీచర్‌గారు చీర బురదవుతున్నా అతని పక్కనే కూర్చున్నారు.

కొన్నాళ్లకి క్లాసులో ఒక పిల్లాడి ఫోను లాక్కున్నారట. ఆ సంభాషణ ఆవిడ చాలాసార్లు నవ్వుతూ చెప్పారు.

“ఏంట్రా ఇది?”

“గేమండీ.”

“ఎవర్ని చంపాలి?”

“ఎవర్నీ చంపక్కర్లేదండీ. ఇసక పొయ్యాలి, నీళ్లు పొయ్యాలి, కరెంటివ్వాలి. ఏమవుద్దో చూడాలి.”

ఈ ఆట చూడనివారికి చెప్పాలి. తెర మీద అంతా రేణువులే. ఇసుక రేణువు రాలుతుంది, నీటి రేణువు పారుతుంది, లోహపు రేణువులో కరెంటు నడుస్తుంది. దేని నియమం దానిది. ఎక్కడెక్కడి వాళ్లో ఆడతారు. కొత్త పదార్థం కావాలనిపిస్తే ఎవరైనా ప్రతిపాదించవచ్చు. ఆట నడిపేవాళ్లు చూసి చేర్చుకుంటారు, లేదా పక్కన పెడతారు.

టీచర్‌గారు రెండు ప్రతిపాదించారు. ఒకటి కాంతిపుంజం. తిన్నగా వెళ్లాలి, ఏది అడ్డొచ్చినా అక్కడ తెగిపోవాలి. రెండోది ఒక వాహకం. కాంతి పడినంతసేపే అందులో కరెంటు పారాలి. కాంతి తెగితే ఆగాలి. అలా ఒకసారి ఆగాక, కాంతి తిరిగి పడినా దానంతటది పారకూడదు. ఎవరో ఒకరు వచ్చి ఒక నిప్పురవ్వ తగిలించాలి. టీచర్‌గారి అమ్మాయి ఏలూరులో కంప్యూటర్ సైన్సు చదువుతోంది. ఈ రెండింటినీ రాసి తమ లాప్‌టాప్‌లో నడిపించింది.

కాంతిపుంజం అందరికీ నచ్చింది. ఆ చివరి నియమం దగ్గరే పేచీ వచ్చింది. ఆట అన్నాక ఆగిపోయి కూర్చుంటే ఎలా, వెలుగు రాగానే తనే నడవాలి అన్నారు ఆట నడిపేవాళ్లు. జవాబు వచ్చినప్పుడల్లా టీచర్‌గారు కిందికొచ్చి నాకు చదివి వినిపించేవారు.

“ఒప్పేసుకోండి టీచర్‌గారూ. రెండూ ఆటలోకి వస్తాయి, మీ పిల్లలు ఫోన్లలో చూసుకుంటారు” అన్నాను.

“చూసి ఏం నేర్చుకుంటారండీ? ఆగిన మోటారు వెంటనే తిరగాలనా?”

“గేమే కదండీ.”

“ఆ చెరువు దగ్గర అతనూ మోటారే కదా అనుకున్నాడు.”



సమాధి కార్యక్రమం అయింది. ఇంట్లో ప్రార్థనకు వచ్చినవాళ్లు వెళ్లిపోయాక, అమ్మాయి లాప్‌టాప్ పట్టుకుని మా వాటాలోకి వచ్చింది. ఆట నడిపేవాళ్లు తేల్చేశారు. ఆవిడ రైల్లో ఉన్నప్పుడే జవాబు వచ్చింది. చివరి నియమం మారిస్తే రెండూ చేర్చుకుంటారు, ప్రతిపాదించినవారి పేరు ఆటలో ఉంటుంది. లేకపోతే రెండూ పక్కన పెడతారు. మనిషి లేరని వాళ్లకి తెలియదు.

“మార్చడానికి ఒక్క లైను చాలండీ అంకుల్” అంది. “మారిస్తే అమ్మ పేరు ఉండిపోద్ది.”

“అమ్మ ఏమనేవారు?” అన్నాను.

లాప్‌టాప్ తన వైపు తిప్పుకుంది. తర్వాత తనే టైపు చేసింది. వీటిని ప్రతిపాదించినావిడ చనిపోయారు, నియమం మారదు. అంతే. అందులో నేను దిద్దడానికి ఏమీ లేదు. పంపించేసింది. ఇది రాసేటప్పటికి అటునుంచి జవాబు రాలేదు.

పంపాక, అమ్మ ఆ ఆటలో తయారుచేసిన చెరువు తెరిచింది. రెండు గట్లు, మధ్య నీళ్లు, ఒక మోటారు, పక్కన షెడ్డు. ఈ గట్టు నుంచి ఆ గట్టుకి నీటి మీదుగా సన్నని కాంతి. పైనుంచి ఒక ఇసుక రేణువు వదిలింది. అది అడ్డుపడగానే కాంతి తెగింది, మోటారు ఆగింది. రేణువు నీళ్లలో మునిగి అడుక్కి చేరింది. కాంతి మళ్లీ తిన్నగా ఆ గట్టుకి చేరింది. మోటారు మాత్రం కదల్లేదు.

నిప్పురవ్వ తగిలించడానికి నాకు తెలియకుండానే చెయ్యి మౌసు మీదికి పోయింది.

“ఆగండి అంకుల్” అంది.

తెరకి దగ్గరగా వంగి, ఈ గట్టు దగ్గర్నుంచి మొదలుపెట్టి, ఆ చెరువంతా వెతుకుతోంది.