సీమోను తవ్విన గుంత

ఉప్పుగూడ స్టేషన్ అవతల ఇనుప గేట్లు తయారుచేసే ఒక చిన్న కార్ఖానా ఉండేది. పంతొమ్మిది వందల డెబ్బై ఏడు నాటికి సీమోను అందులో పదిహేడేళ్లుగా పనిచేస్తున్నాడు. యార్డు ఊడవడం, మోరీలో మురుగు తీయడం, లారీ వస్తే గేటు తెరవడం ఆయన పని. మాట తక్కువ మనిషి. ఆదివారం చర్చికి పోయేటప్పుడు తప్ప ఒంటి మీది ఖాకీ చొక్కా మారేది కాదు.

ప్రహరీ వెనక మోరీ పోయి ఒక కుంటలో కలిసేది. కుంట గట్టునే దుర్గయ్య బర్రెల కొట్టం. ఆ గల్లీలన్నిటికీ పాలు పోసేది ఆయనే.

ఆ ఏడు మృగశిర వాన పడ్డ మర్నాడు దుర్గయ్య కార్ఖానా గేటు దగ్గరికి వచ్చాడు. లొల్లి చేయలేదు. కుంట మీద నూనె తెట్టు కట్టిందని, చేపలు తేలాయని, బర్రెలు నీళ్లలో మూతి పెట్టి వెనక్కి తిరిగాయని నిదానంగా చెప్పాడు. "నువ్వొక్కపారి వచ్చి సూడన్నా" అన్నాడు.

సీమోను పోయి చూశాడు. గట్టు పొడవునా నల్లటి ఇనుప రజను మేట వేసి ఉంది. ఆ రజను ఎక్కడిదో ఆయనకు అడగాల్సిన పని లేదు. రోజూ యార్డు అద్దంలా ఊడ్చి, ఊడ్చిందంతా మోరీలోకి తోసింది తన చీపురే.

మేనేజర్ విశ్వేశ్వర్‌కు చెబితే, వాన పైనుంచి పడుతుంది, దాన్నెవరు ఆపుతారు అన్నాడు.

మళ్లీ వాన వచ్చిన రోజు ఆయన గోనెసంచి నెత్తిన కప్పుకొని మోరీ మూతి దగ్గర నిలబడ్డాడు. ఆఫీసు గడియారం చూసుకుంటూ పావుగంటకొకటి చొప్పున ఆరు ఖాళీ సీసాలు నింపి, మేనేజర్ బల్ల మీద వరసగా పెట్టాడు. మొదటిది డికాషన్‌లా ఉంది. రెండోది బెల్లం నీళ్లలా ఉంది. ఆ తర్వాతవి పలచబడుతూ వచ్చి, ఆరోదాంట్లోంచి కిటికీ చువ్వలు కనబడ్డాయి.

"వాన మొత్తం ఆపేది లేదు సార్. గీ మొదటి రెండు సీసాల నీళ్లు ఆపితే సాలు."

విశ్వేశ్వర్ మొదటి సీసా వాసన చూసి, మొహం పక్కకు తిప్పుకున్నాడు. ఆ నీళ్లు ఆపేందుకు గుంత కట్టుకోవాలంటే వెనక పడి ఉన్న షాబాదు బండలు వాడుకొమ్మన్నాడు.

డ్యూటీ అయ్యాక సీమోను మోరీకి అడ్డంగా గుంత తవ్వడం మొదలుపెట్టాడు. పాలు పిండడం కాగానే దుర్గయ్య కూడా పార పట్టుకొని వచ్చేవాడు. గుంత మధ్యలో అడుగు తాకకుండా ఒక బండ నిలబెట్టారు. రజను అడుగుకు దిగుతుంది, నూనె పైన తేలి బండ దగ్గర ఆగుతుంది, నడిమి నీళ్లు బండ కింది నుంచి అవతలికి పోతాయి. యార్డులో వానకు తడిసే నూనె పీపాలన్నీ సీమోను రేకుల కిందికి జరిపించాడు. ఊడ్చిన రజను మోరీలో పడేయకుండా డబ్బాలకెత్తసాగాడు.

శ్రావణంలో పెద్ద వాన పడింది. పది నిమిషాల్లో గుంత నిండి పొంగి, ఆగిన నూనె కూడా కొట్టుకుపోయింది. పనివాళ్లు నవ్వారు. సీమోను తడుస్తూ గుంత ఒడ్డునే కూర్చున్నాడు. అప్పుడు తలెత్తి చూస్తే, షెడ్డు కప్పు మీది నీళ్లు ధారగా యార్డులో పడి గుంతకే వస్తున్నాయి. అవి శుభ్రమైన నీళ్లు. వాటికి గుంతతో పనే లేదు.

తర్వాతి వారం కప్పు అంచుకు రేకు దోనెలు కట్టి, ఆ నీళ్లను ప్రహరీ దాటించాడు. రేకులు మేనేజరే ఇప్పించాడు. ఆ తర్వాతి వానకు గుంత పొంగలేదు. రెండో రోజు పొద్దున దుర్గయ్య గోడ మీదుగా తొంగిచూసి, "బర్రెలు తాగినయ్ అన్నా" అన్నాడు. సీమోను తల ఊపి, గోనెపట్టాతో నూనె తెట్టు తీసే పనిలో పడ్డాడు.

ఎనభై అయిదులో ఆయన పని మానేటప్పుడు యార్డు పని కమల అనే ఆమెకు వచ్చింది. ఆయన మూడు రోజులు ఆమె వెంట తిరిగి గుంతలో పేరుకున్న రజను, నూనె ఎట్ల తీయాలో చూపించాడు. వాన వచ్చినంక కాదు, మబ్బు పట్టకముందే తీయాలని, గుంత ఖాళీగా ఉంటేనే మొదటి నీళ్లు ఆగుతాయని మాత్రం రెండుసార్లు చెప్పాడు.