బ్రేకులు బాగానే ఉన్నాయి

పల్నాడులో సున్నపురాయి గనులు చాలా ఉన్నాయి. వాటిలో ఒకదాని వర్క్‌షాపులో నేను మెకానిక్‌ని. ఏ గనో చెప్పను. చెప్పినా పెద్దగా తేడా ఉండదు. ఇక్కడ జరిగింది ఇంకోచోట జరిగిందన్నా ఎవరూ కాదనరు.

గనిలో రాయి మోసే డంపర్ డ్రైవర్లలో ఒకాయన గురించి రాస్తున్నాను. నాకంటే నాలుగైదేళ్లు పెద్ద. నాదెండ్ల వైపు నుంచి వచ్చి, మాచర్లలో మా ఇంటికి రెండు వీధుల అవతల కాపురం పెట్టాడు. ఆదివారం చర్చిలో డోలక్ వాయించేవాడు. నేను ఆయన్ని అన్నా అనేవాణ్ని, ఆయన నన్ను భాయ్ అనేవాడు. గని నడిపే సిమెంటు ఫ్యాక్టరీ బస్సులో పక్కపక్క సీట్లలో వెళ్లేవాళ్లం. రంజాన్ నెలలో నా ఎదురుగా టీ తాగడానికి మొహమాటపడి, గ్లాసు పట్టుకుని షెడ్డు వెనక్కి పోయేవాడు. ఫరవాలేదన్నా వినేవాడు కాదు.

డ్రైవర్ సంగతి మెకానిక్‌కి బండే చెబుతుంది. ఇంట్లో పోట్లాడి వచ్చినవాడి బండికీ, కడుపునిండా తిని వచ్చినవాడి బండికీ తేడా తెలిసిపోతుంది. ఆయన బండి ఏ రోజు చూసినా ఒకేలా ఉండేది. అందుకే బ్రేకు సరిగా పడటం లేదని ఆయన బండి తెచ్చినప్పుడు మారుమాట లేకుండా చక్రాలు విప్పాను. ఏ లోపమూ లేదు. రెండు రోజులకు మళ్లీ తెచ్చాడు. మళ్లీ విప్పాను. వారం తిరక్కుండా ఇంకోసారి తెచ్చేసరికి నాకు చిరాకేసింది.

"బ్రేకులు బాగానే ఉన్నాయి అన్నా."

"నాకు తెలుసు భాయ్."

"తెలిస్తే ఎందుకు తెచ్చినట్టు?"

బల్ల మీదున్న పానా తీసుకుని చేతిలో తిప్పుతూ నిలబడ్డాడు. "నువ్వు బాగున్నాయంటే ఆ పూటకి కాస్త నెమ్మదిగా ఉంటది," అన్నాడు.

అప్పుడు చెప్పాడు. క్రషర్ దగ్గర బండిని వెనక్కి పెట్టి రాయి దించాలి. వెనక్కి పోతున్నంతసేపూ చక్రం కింద ఎవరో పడ్డారనిపిస్తుంది. దిగి చూస్తాడు. ఎవరూ ఉండరు. ఎక్కి కూర్చోగానే, సరిగా చూశానా అని మళ్లీ అనుమానం. మళ్లీ దిగుతాడు. వెనక బండ్లు హారన్లు కొడుతుంటాయి. ఇంట్లో అన్నం ముందు కూర్చున్నా అదే ఆలోచన. షిఫ్టులు వారంవారం మారుతుంటే అసలే అరకొరగా పట్టే నిద్ర పూర్తిగా పోయింది.

"ఇంట్లో ఏమన్నా గొడవా?"

"లేదు."

"మందు అలవాటైందా?"

"నీకు తెలవందా భాయ్?"

"మరేంది కారణం?"

"ఏదో ఒకటి ఉంటే బాగుండు. కనీసం దాన్ని తిట్టుకునేవాణ్ని."

తోటివాళ్లు అప్పటికే గమనిస్తున్నారు. ఆయన బండికి రాయి నింపే ప్రొక్లెయిన్ ఆపరేటర్ ఒకడుండేవాడు. గురజాల దగ్గరి పల్లె నుంచి వచ్చేవాడు. గని అంతా వినపడే గొంతు. ఎవరినీ వదిలిపెట్టడు, నవ్వించకుండా ఉండలేడు. "ఏంది బావా, చక్రం కింద బంగారం పడిందా, దిగి దిగి ఎతుకుతన్నావు?" అని మిషన్ మీద నుంచే అరిచేవాడు. అందరూ నవ్వేవారు. అన్న కూడా నవ్వేవాడు.

తర్వాతి సెలవు రోజున ఇద్దరం బస్సెక్కి నరసరావుపేట వెళ్లాం. దారిలో స్పీడ్ బ్రేకర్ మీద బస్సు ఎగిరితే ఆయన నా మోకాలు గట్టిగా పట్టుకున్నాడు. "ఏందది భాయ్?" అని మెడ తిప్పి వెనకద్దంలోంచి రోడ్డు కేసి చూశాడు. రోడ్డు మీద ఏమీ లేదు. నేను చూసి చెప్పాక కూడా చాలా దూరం అలా వెనక్కే చూస్తూ కూర్చున్నాడు. ఆ చూపు చూశాకే జబ్బంటే ఏమిటో నాకు అర్థమైంది. అంతదాకా మనసులో ఎక్కడో, ఇదంతా ఈయన కల్పించుకుంటున్నాడనే ఉంది.

మనసు జబ్బుల డాక్టర్ దగ్గర బెంచీలు నిండిపోయి ఉన్నాయి. మగవాళ్లందరూ ఎవరికో తోడొచ్చినట్టు ఫోన్లు చూసుకుంటూ కూర్చున్నారు. లోపలికి పిలిచినప్పుడు మాత్రం లేచేది వాళ్లే. డాక్టరమ్మ నెమ్మదిగా అంతా విన్నది. తగ్గే జబ్బేనన్నది. రెండు నెలలపాటు పెద్ద బండి తోలొద్దని, నైట్ షిఫ్టు వద్దని, మందులు మాత్రం మానొద్దని చెప్పింది. లేవబోతుంటే, "చాలామంది ఏదన్నా జరిగాక వస్తారు. మీరు ముందే వచ్చారు, మంచి పని చేశారు," అన్నది. ఆ మాట ఆయనకు చాలా నచ్చింది. బస్టాండులో టీ తాగుతూ కూడా తలుచుకున్నాడు.

"ఆఫీసులో ఏం చెప్తావు?" అని అడిగాను.

"ఉన్నదే చెప్తా."

"ఉన్నది చెప్తే ఎట్టా అన్నా? వేరే ఏదన్నా నొప్పి పేరు చెప్పి సెలవు పెట్టు."

"అబద్ధమాడి సెలవు తీసుకుంటే రెండు నెలలకి మళ్లీ ఇంకో అబద్ధం కావాలి. అయినా నేనేం దొంగతనం చేశానా? బండి కింద మనిషి పడకముందే నన్ను బండి దించండి అంటన్నా. దానికి ఎవరన్నా కోప్పడతారా?"

మర్నాడు మేనేజర్ గదికి నేనూ వెంట వెళ్లాను. మేనేజర్ మంచి మర్యాద చేశాడు. కూర్చోబెట్టి పింగాణీ కప్పుల్లో టీ తెప్పించాడు. "మీలాంటివాళ్లు ముందుకు రావాలి. మాకు మనుషులు ముఖ్యం, రాయి కాదు," అన్నాడు. గెస్ట్‌హౌసు తోటలో రెండు నెలలు తేలికపాటి పని ఇప్పించాడు. ఆ రోజు తిరిగొస్తూ నేను అన్నతో, నువ్వన్నదే నిజమైంది అన్నాను. ఆ రోజుకది నిజమే.

రెండు నెలల్లో మనిషి కోలుకున్నాడు. ముందు నిద్ర వచ్చింది, తర్వాత ఆకలి వచ్చింది. మళ్లీ డోలక్ ముట్టుకున్నాడని వాళ్లావిడ మా ఇంటికొచ్చి మా అమ్మతో చెప్పి కళ్లు తుడుచుకున్నది. ఇక బండి తోలొచ్చని డాక్టరమ్మ రాసిచ్చింది. ఆ కాగితం తీసుకుని ఇద్దరం మళ్లీ అదే గదికి వెళ్లాం. ఈసారి కూర్చోమనలేదు.

"ఇప్పుడు బాగానే ఉన్నారు, సంతోషం. రేపు ఏమన్నా అయితే ఎవరు సమాధానం చెప్తారు?" అన్నాడు మేనేజర్.

"డాక్టర్ రాసిచ్చింది కదా సార్."

"డాక్టర్ రాసిస్తుంది. పై నుంచి ఫోన్ వచ్చేది నాకు."

అన్న డాక్టరమ్మ కాగితం బల్ల మీద పెట్టాడు. "సార్, ఏమీ కాకముందే నా అంతట నేనే వచ్చి చెప్పాను," అన్నాడు.

"అందుకే కదా మీరంటే మాకంత గౌరవం," అన్నాడు మేనేజర్. ఎగతాళిగా అనలేదు. నిజంగానే అన్నాడు. అదే నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

ఆ గౌరవంతోనే ఆయన్ని కంపెనీ ఉద్యోగంలోంచి తీసి, తోటపని కాంట్రాక్టర్ కిందకి మార్చారు. యూనియన్ దగ్గరికి పోతే, "జబ్బుందని ఆయనే ఒప్పుకున్నాడు కదయ్యా, మేమేం మాట్లాడతాం?" అన్నారు. ఆ ఏడాదే ఒక డ్రైవర్ తాగొచ్చి డంపర్‌ని కన్వేయర్ స్తంభానికి గుద్దితే, వాడి కోసం ఇదే యూనియన్ గేటు ముందు టెంటు వేసింది. వాడు కొద్దిరోజుల్లోనే మళ్లీ స్టీరింగ్ పట్టాడు. తాగుడు అందరికీ అర్థమయ్యే సంగతి మరి.

అన్నకు బ్రేకు అని పేరు పడింది. ఆ పేరు పెట్టింది ప్రొక్లెయిన్ ఆపరేటరే. క్యాంటీన్‌లో ఆయన తోటపని బట్టలతో వరసలో నిలబడితే, "బ్రేకు బావ వచ్చాడు, అందరూ ఆగండి," అనేవాడు. అన్న పళ్లెం పట్టుకుని నవ్వుతూ ముందుకు జరిగేవాడు.

కొన్నాళ్లకు పై నుంచి ఆదేశమేదో వచ్చింది. ఉద్యోగుల మానసిక ఆరోగ్యం మీద సభ పెట్టారు. షెడ్డు ముందు షామియానా వేశారు, హెల్మెట్ పెట్టుకుని నవ్వుతున్న మనిషి బొమ్మతో ఫ్లెక్సీ కట్టారు. హైదరాబాదు నుంచి ఒకాయన వచ్చి చాలా బాగా మాట్లాడాడు. మగవాడు ఏడవకూడదని ఎవరన్నారని అడిగాడు. బాధ చిన్నగా ఉన్నప్పుడే బయటికి చెప్పాలన్నాడు. మేనేజర్ మొదటి వరసలో కూర్చుని తలూపుతున్నాడు. చివరికి ఆ హైదరాబాదాయన, "ఈ మధ్య మనసేం బాగోలేదని ఎవరికన్నా అనిపించిందా? చెయ్యెత్తండి, మొహమాటం లేదు," అన్నాడు.

ఒక్క చెయ్యి కూడా లేవలేదు. ఒకరి మొహం ఒకరం చూసుకోకుండా అందరం ఫ్లెక్సీ కేసి చూస్తున్నాం. మంచినీళ్ల సీసాలు పంచే పని ఆ రోజు తోటపని వాళ్లకు అప్పజెప్పారు. షామియానా చివర సీసాల పెట్టె కింద పెట్టి, అన్న చెయ్యెత్తాడు.

మాట్లాడుతున్నాయన మొహం వెలిగింది. "రండి సార్, ముందుకు రండి," అన్నాడు.

మైకు పక్కనున్న ఆఫీసు మనిషి వంగి, "ఆయన మన స్టాఫ్ కాదు సార్, కాంట్రాక్టు మనిషి," అన్నాడు. మెల్లగానే అన్నాడు కానీ మైకు అందుకుంది.

వెనక నుంచి ఎవరో కిసుక్కుమన్నారు. అన్న చెయ్యి దించి, మళ్లీ పెట్టె ఎత్తుకున్నాడు. సభ అయ్యాక ఫోటోలు దిగాం.

సాయంత్రం బస్సులో అడిగాను, ఏం చెబుదామని చెయ్యెత్తావని. "ఏమీ లేదు భాయ్. పాపం అంత దూరం నుంచి వచ్చాడు. ఇంతమందిలో ఒక్కడన్నా ఎత్తకపోతే బాగోదు కదా," అన్నాడు.

ఆ నెలాఖరుకు తోటపని మానేశాడు. విజయపురి సౌత్‌లో డ్యామ్ చూడటానికి వచ్చేవాళ్లను తిప్పే వ్యాన్ ఒకటి దొరికితే దాని మీద చేరాడు. ఆ ఘాట్ మలుపుల్లో, జనం మధ్యలో ఇప్పటికీ తోలుతున్నాడు. మా గనికి పనికిరాని డ్రైవర్ పిల్లాపాపల్ని ఎక్కించుకుని తిప్పుతున్నాడు.

ఆయన వెళ్లిపోయాక వర్క్‌షాపుకి ఒక్కొక్కరే రావడం మొదలుపెట్టారు. లేని రిపేరు ఒకటి చెప్పి, బండి చుట్టూ తిరిగి, చివరికి గొంతు తగ్గించి, "నరసరావుపేటలో ఆ డాక్టరమ్మ ఎక్కడుంటది భాయ్? మా బావమరిది కోసం," అనేవారు. మా గనిలో జబ్బులన్నీ బావమరుదులకే. నేను దారి చెప్పి, ఇంకేమీ అడిగేవాణ్ని కాదు.

ఒకరోజు ఆ ప్రొక్లెయిన్ ఆపరేటర్ వచ్చాడు. ఆయిల్ పైపు సంగతేదో మాట్లాడి, పోకుండా నిలబడ్డాడు.

"అక్కడికి పోతే ఆఫీసుకి తెలిసిద్దా?" అన్నాడు.

"మనం చెప్పకపోతే తెలవదు."

"మందుల షాపోళ్లలో మా ఊరోళ్లు చానామంది ఉన్నారు."

"వేరే ఊళ్లో కొందాం. ఆదివారం నేను కూడా వస్తా. బస్టాండుకి రా."

"ఎవరికనుకున్నావు, ఊరికే అడిగాలే," అని పెద్దగా నవ్వాడు. పోతూ పోతూ, "చూద్దాంలే," అన్నాడు.

ఆదివారం బస్టాండులో మధ్యాహ్నం దాకా చూశాను. రాలేదు. సోమవారం పనిలో మామూలుగానే అరుస్తూ, నవ్విస్తూ ఉన్నాడు. మళ్లీ కదిపితే మాట దాటేశాడు. ఇంకో రెండు వారాలకు అతను ప్రాణం తీసుకున్నాడని కబురొచ్చింది.

వాళ్ల పల్లెకి బస్సు వేశారు. ఇంటి ముందు నిలబడ్డ ప్రతివాడి నోటా ఒకటే మాట. ఒక్క ముక్క చెప్పుంటే ఎంత బాగుండేదని. మేనేజర్ కూడా నా పక్కకొచ్చి అదే అన్నాడు. "అంత సరదా మనిషి. ఎవరికన్నా చెప్పుకోవచ్చు కదా."

"చెప్పుకున్నాయన అదిగో, అక్కడ నిలబడ్డాడు సార్," అన్నాను.

కబురు తెలిసి వ్యాన్ వేసుకొచ్చిన అన్న, చెప్పులు విడిచి, పోయినవాడి తండ్రి పక్కన ఊరికే నిలబడి ఉన్నాడు. మేనేజర్ అటు చూసి, ఫోన్ తీసుకుని పక్కకి పోయాడు.

తిరిగొచ్చేటప్పుడు ఫ్యాక్టరీ బస్సు ఎక్కబుద్ధి కాలేదు. అన్న వ్యాన్‌లో కూర్చున్నాను. కారంపూడి దాటాం. తర్వాత ఆయనే అన్నాడు. "వాడు నన్ను బ్రేకూ అన్నప్పుడల్లా నా మొహంలోకి చూసేవాడు భాయ్. మిగతావాళ్లు నవ్వేసి పోయేవాళ్లు. వాడు మాత్రం చూసేవాడు. నేనెట్టా తట్టుకుంటన్నానో చూసుకున్నాడేమో."

నేను కిటికీలోంచి మిరప చేలకేసి చూస్తూ, "నాక్కూడా ఈ మధ్య నిద్ర ఉండట్లేదు అన్నా," అన్నాను. ఎందుకో ఆ క్షణాన నోట్లోంచి వచ్చేసింది.

ఆయన వ్యాన్ పక్కకి తీసి ఆపాడు. ఎన్నాళ్ల నుంచి అని అడిగాడు. అన్నం తింటున్నానా అని అడిగాడు. ఇంట్లో తెలుసా అన్నాడు. నేను చెబుతుంటే ఒక్కసారి కూడా మధ్యలో అడ్డురాలేదు. అంతా విని, "వచ్చే ఆదివారం పోదాం. నేనే తీసుకుపోతా," అన్నాడు.

"ఆఫీసులో ఏం చెప్పను?"

ఆయన స్టీరింగ్ మీద రెండు చేతులూ పెట్టి రోడ్డు కేసి చూశాడు. అబద్ధమాడి సెలవు తీసుకోనన్న మనిషి.

"ఆఫీసులో చెప్పమాక భాయ్," అన్నాడు.

చెప్పలేదు. ఆదివారం ఇద్దరం వెళ్లాం. మందులు వాడాను, తగ్గింది. వర్క్‌షాపులో ఇప్పటికీ ఎవరికీ తెలియదు.