గదినిండా చింతపండు, పదిహేను రోజుల ఇన్సులిన్

మా నాన్నది బెంగళూరు బళేపేటలో గాజుల అంగడి. అంగడి వెనక రెండు గదుల్లో మా కాపురం. బేరం నాకు ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. గోడకు ఇవతల అన్నం తింటూ, లెక్కలు చేసుకుంటూ వింటూ పెరిగాను. గిరాకీ అలిగి మెట్లు దిగిపోతుంటే నాన్న తల ఎత్తేవాడు కాదు. చెప్పుల చప్పుడు విని, వెనక్కి వస్తుందనో ఇక రాదనో అమ్మకు మాత్రం వినపడేట్టు చెప్పేవాడు. నిజంగా పోయే మనిషి చెప్పులు తొందరగా మోగుతాయట. ఆ సంగతి తెలిసినప్పటి నుంచి నేను ఏ అంగడి మెట్లయినా తొందరగానే దిగుతాను. నూటికి తొంభై సార్లు వెనక నుంచి పిలుపు వచ్చింది. మిగతా పదిసార్లు వీధి చివరిదాకా పోయి, ఏదో మరిచినట్టు నేనే వెనక్కి వచ్చాను.

నాన్న పోయాక అంగడి మూసేశాం. అమ్మ ఎలక్ట్రానిక్ సిటీ దగ్గర మా ఫ్లాటుకు వచ్చేసింది. అక్కడ ఆమెకు పలకరించడానికి లిఫ్టు తప్ప ఏమీ లేదు.

మొదటి లాక్‌డౌన్ ఎత్తేసిన కొత్తలో ఎక్కడ విన్నా ఒకటే మాట. మా పక్కనున్న జిగణి ఫ్యాక్టరీల్లో పనివాళ్లు ఊళ్లకు పోయారు, లారీలు నడవడం లేదు, ఇంకో రెండేళ్లు ఏ సరుకూ సరిగా దొరకదని. మా ఆయన కంప్యూటరు ముందు కూర్చుని ఇంటికి కావలసినవన్నీ జాబితా రాశాడు. అన్నిటికంటే పైన అమ్మ ఇన్సులిన్. ఆ తర్వాత బియ్యం, పప్పు, నూనె, సబ్బులు. కొనే పని నాకు అప్పగించాడు. మా ఇంట్లో జరిగిన పెద్ద పొరపాటు అదే.

సంతకు పోయి చూస్తే హోటళ్లు మూతపడి, పెళ్లిళ్లు ఆగిపోయి చింతపండు ధర నేలకు దిగి ఉంది. అంగడి ఇంట్లో పుట్టినదానికి పడిన ధర కనిపిస్తే చేయి ఆగదు. కావలసింది కొనడం మామూలు మనుషుల పని. మేం పడినదాన్ని కొంటాం, లేచినప్పుడు చూసి మురుస్తాం. అమ్మేది లేకపోయినా సరే. రెండు బస్తాల చింతపండు ఆటోలో వేసుకుని రాణిలా వచ్చాను. సాంబారు ఎన్ని వీధులకు పెడదామని మా ఆయన అడిగాడు. నేను ధర చెప్పాను. ఆయనకు అర్థం కాలేదు. అమ్మకు మాత్రం అయింది.

ఆ వానాకాలం తలచుకుంటే ఇప్పటికీ నాలుక మీద పులుపు ఊరుతుంది. మబ్బు విడిచినప్పుడల్లా అమ్మా నేనూ మేడ మీదికి చింతపండు మోసేవాళ్లం. అమ్మ గింజ తీసి, ఈనె లాగి, ఉప్పు చల్లి ముద్దలు కట్టేది. చేతులు ఆడుతుంటే మాటలూ వచ్చేవి. చక్కెరకూ కిరసనాయిలుకూ కార్డు పట్టుకుని నిలబడిన రోజులు చెప్పింది. లారీల సమ్మె వచ్చి ఉత్తరాది నుంచి గాజులు రావడం నిలిచిపోయిన ఏడాది సంగతి చెప్పింది. మిగిలిన గాజులు నాన్న గద్దె కింద దాచి, ఏడాది పొడుగునా వచ్చే వాడిక గిరాకీలకు మాత్రమే తీసి ఇచ్చాడట. ఎవరో కొత్త ఆమె రెట్టింపు ఇస్తానన్నా సరుకు లేదన్నాడట.

ఇంత విన్నదాన్ని, ఇన్సులిన్ దగ్గర నేను చేసింది చూడండి.

మా వీధి మలుపులో అనంతపురం వైపు ఆయన ఒకరు మందుల అంగడి నడుపుతాడు. ఆరేళ్లపాటు ప్రతినెలా అమ్మకు రెండు సీసాలు ఫ్రిజ్‌లో పక్కన పెట్టి ఉంచేవాడు. ఫోనులో తెప్పించుకుంటే ఎక్కువ తగ్గింపు వస్తుందని తెలిసి, నువ్వూ అంతే తగ్గించమన్నాను. దీంట్లో తనకు మిగిలేదే అంత లేదన్నాడు. తొందరగా మెట్లు దిగాను. ఆయన పిలవలేదు. నేనూ వెనక్కి పోలేదు. ఫోను నొక్కితే మందు ఇంటికి వస్తుంటే నాకేం? పైగా అచ్చేసిన ధర ఉన్న వస్తువును ముందుగా కొని పెట్టడంలో నాకు రుచి లేదు. రేపు ఇంకా తగ్గిస్తారేమోనని నెలకు నెల తెప్పిస్తూ పోయాను. జాబితాలో పై వరస అట్లాగే ఉండిపోయింది.

మరుసటి ఏడాది రెండో అల వచ్చింది. తెప్పించిన ఇన్సులిన్ రాలేదు. సరుకు లేదని ఫోనులో ఎర్ర అక్షరాలు వచ్చాయి. సీసాలో మూడు రోజులకు మాత్రమే మిగిలి ఉంది. అది లేకపోతే అమ్మను ఆసుపత్రిలో చేర్చాలి, ఆసుపత్రుల్లో మంచాలు లేవు. నాలుగు మందుల అంగళ్లు తిరిగాను. ఎక్కడా లేదు. చివరికి మలుపులోని ఆ అంగడి ముందు, కట్టిన తాడుకు ఇవతల నిలబడ్డాను. మాస్కు ఉన్నా ఆయన గుర్తుపట్టాడు.

"అమ్మకు ఇంకెన్ని దినాలకు ఉండాది?"

మూడని చెప్పాను. ఫ్రిజ్ తీసి చూశాడు. నాలుగు సీసాలు ఉన్నాయి, నాలుగూ నెలనెలా తీసుకుపోయేవాళ్లవేనన్నాడు. ఆయన స్థానంలో మా నాన్న ఉన్నా ఇదే మాట. ఆ న్యాయం నాకు బాగా తెలుసు. తెలిసీ నా నోరు ఊరుకోలేదు.

"ఎక్కువైనా ఇస్తాను, అన్నా."

"తక్కువకి ఇయ్యలేదని మీరు పోతిరి అక్కా," అన్నాడు మెల్లగా. "ఎక్కువకి ఇస్తే నేను పోతాను."

వెనక వరసలో ఎవరో నవ్వారు. నేను కదలలేదు. జీవితంలో మొదటిసారి ఒక అంగడి మెట్లు దిగడానికి కాళ్లు రాలేదు. ఆయన ఫోను తీసి ఎవరితోనో కన్నడంలో మాట్లాడాడు. వెనక వీధిలో ఒక రిటైరైన పెద్దాయన ఉన్నాడట, ఆయన కొత్త సీసా తెరవడానికి ఇంకా పది రోజులుందట. తనకోసం ఉంచిన సీసా మాకిమ్మని ఆ పెద్దాయన ఒప్పుకున్నాడు.

"ఇది పదైదు దినాలకు వస్తుంది. పది దినాల్లో సరుకొస్తే ఆయనది ఆయనకి ఇచ్చేద్దాం."

రాకపోతే అని నేను అడగలేదు. ఆ రోజుల్లో అమ్మ సూది వేసుకుంటుంటే నేను సీసాలో మట్టం చూసేదాన్ని. ఆ పెద్దాయన ఎవరు, ఇంట్లో ఎవరుండారని అమ్మ అడిగింది. తెలియదన్నాను. మందుల అంగడాయనకు పిల్లలెంతమంది అంది. అదీ తెలియదు. ఆరేళ్లలో నాకు తెలిసిందల్లా ఆయన ఎంత తగ్గిస్తాడనేది.

ఎనిమిదో రోజు పొద్దున ఫోను వచ్చింది. సరుకు వచ్చింది. మా సీసాలతో పాటు పెద్దాయన సీసానూ నేనే తీసుకుని వాళ్ల ఇంటికి పోయాను. ఆయన గేటు తీయకుండానే చేయి చాచి అందుకున్నాడు. నాకు తోచిన నాలుగు మంచి మాటలూ చెప్పాను.

"మీరెవరో నాకు తెలియదమ్మా," అన్నాడాయన తెలుగులోనే. "అంగడాయన అడిగినాడు, ఇచ్చినా."

ఇంటికి వచ్చి ఈ మాట అమ్మకు చెబితే, ఆమె సీసాలు ఫ్రిజ్‌లో పెరుగుగిన్నె పక్కన పెడుతూ తల ఊపింది.

"వచ్చే నెల నుంచి మందుకి నేను పోతా. నువ్వు పోతే బేరం చేస్తావు."

అన్నట్టే చేసింది. నెలకొకసారి మంచి చీర కట్టుకుని, మాస్కు పెట్టుకుని, మలుపుదాకా నడిచేది. రెండు సీసాలకు ముప్పావు గంట పట్టేది. వచ్చి అక్కడి కబుర్లన్నీ చెప్పేది. ఆయన కూతురు పరీక్షలు, పెద్దాయన మోకాలి నొప్పి, ఎవరికి జ్వరం తగ్గింది, ఎవరికి తగ్గలేదు. లిఫ్టును తప్ప ఎవరినీ ఎరగని మా అమ్మకు ఆ వీధి అంతా తెలిసిపోయింది.

ఇప్పుడు ఆమె అంత దూరం నడవలేదు. నేనే పోతున్నాను. అమ్మ ఎట్లుండాదని ఆయన అడుగుతాడు. నేను వివరంగా చెప్పాలి. రాత్రి నిద్ర పట్టిందా, కాళ్ల వాపు తగ్గిందా, అన్నీ. అంతా విన్నాకే లేచి ఫ్రిజ్ తీస్తాడు.