నీడ తిరిగి రాని పన్నెండో భాగం

మద్రాసు చూలైలో మేము కాపురమున్న వరుస ఇళ్ళలో తెలుగు మాట్లాడని గడప లేదు. తెలుగు చదవగలిగిన గడప మాత్రం మాది ఒక్కటే. తక్కినవారి తాతలు ఎప్పుడో వచ్చి స్థిరపడినవారు. బడికి వెళ్ళినవాళ్ళు నేర్చినది అరవం. అందువల్ల ఆదివారం సాయంత్రం నాలుగు గంటలకు నేను నడవలో కూర్చుని జానపద నవలలు పైకి చదవడం, మిగిలినవారు వినడం ఆనవాయితీగా ఏర్పడింది. చదివేవాడికి ఒక నియమం ఉండేది: ఉన్నది విడవకూడదు, లేనిది కలపకూడదు. ఆ నియమం పెట్టినవాణ్ణి నేనే.

యాభై మూడులో ఒక పెద్ద నవల భాగాలుగా వెలువడసాగింది. పన్నెండు భాగాలలో ముగుస్తుందని ముందే ప్రకటించారు. దానికి నేనొక పట్టిక పెట్టుకున్నాను. ఎడమవైపు కథలో పడిన ముడి. కుడివైపు అది విడిన పుట, మేము చదివిన తేదీ. పదకొండు భాగాలు పూర్తయ్యేసరికి ముప్ఫై ఒక్క ముడులు పడ్డాయి, ఇరవై నాలుగు విడిపోయాయి. మిగిలిన ఏడింటిలో అన్నిటికన్నా పాతది మూడో భాగంలోది. కథానాయకుడైన రాజకుమారుడి ప్రాణం కాపాడడానికి అతని చెల్లెలు తన నీడను మాంత్రికుడికి ఇచ్చివేస్తుంది. నీడ లేని మనిషిని ఊరు రానివ్వదు గనుక అడవి అంచున ఒంటరిగా ఉండిపోతుంది. నీడను తెచ్చి ఇస్తానని అన్న ప్రమాణం చేస్తాడు.

పక్కింటి పెద్దమ్మకు ఆ పిల్ల తప్ప కథలో మరెవరూ పట్టలేదు. ప్రతి ఆదివారం పీట వేసుకుని కూర్చుంటూనే అడిగేది.

"ఏం నాయనా, ఆ బిడ్డకు నీడొచ్చిందా?"

"ఇంకా లేదు పెద్దమ్మా. వస్తుంది."

"నువ్వు జెప్తే సరే."

నా ధైర్యానికి ఆధారం నా పట్టిక. ఈ రచయిత వేసిన ముడిని విప్పకుండా వదలడని ఆమెకు లెక్క చూపించి మరీ చెప్పాను.

పన్నెండో భాగం యాభై ఏడు చిత్తిరై నెల ఎండల్లో వచ్చింది. రెండు వందల నలభై పుటలు. యుద్ధం తొమ్మిదో పుటలో ముగిసింది. ఆ తరువాత రాజకుమారుడు ఒక ముని ఎదుట కూర్చున్నాడు, మరి లేవలేదు. చేసేవాడెవడు, చూసేవాడెవడు, చూడబడేది ఉన్నదా లేదా అన్న చర్చ. నలభై ఎనిమిదో పుటలో ఒక పేరా నిజంగా బాగుందని ఆనాటి డైరీలో రాసుకున్నాను. మొదటి వారం పద్నాలుగు మంది విన్నారు, రెండో వారం తొమ్మిది మంది, మూడో వారం ఆరుగురు. నాలుగో వారం, ఇత్తడి గిన్నెలకు మెరుగుపెట్టే ఎదురు వాటా మామ సగంలో లేచి పంచె దులుపుకున్నాడు.

"ఆ సామి నోరు మూసినాక జెప్పంపు అల్లుడూ. సుమ్మా ఊరికే ఈడనే కూసోనుంటే నాకు గూడా గడ్డం పెరిగిపోతాది."

ఐదో వారం పెద్దమ్మ ఒక్కతే వచ్చింది. రెండు వందల ముప్ఫై ఒకటో పుటలో రాజకుమారుడు ఎట్టకేలకు చెల్లెలి నీడ సంగతి అడిగాడు. దేహమే భ్రమ అయినప్పుడు దాని నీడను తేవడమేమిటని ముని నవ్వాడు. రాజకుమారుడూ నవ్వాడు. మిగిలిన తొమ్మిది పుటలలో ఆ పిల్ల ప్రస్తావన లేదు. పుస్తకం మూశాను.

"మిగిలింది చదువు నాయనా."

"అయిపోయింది పెద్దమ్మా."

"ఎట్ల అయిపోతాది? ఆ బిడ్డ ఆడనే ఉండాది గదా."

చివరి పుట తెరిచి చూపించాను. ఆమె పుస్తకంవైపు కాక నావైపు చూసింది.

"నడిమి పేజీలు తిప్పేసినావు. నీకు గూడా విసుగొచ్చింది."

నాలుగేళ్ళలో నేను ఒక్క అక్షరం విడవలేదు. రచయిత చేసిన ద్రోహం నా పద్దులో పడింది. అది అబద్ధమని నిరూపించడానికి ఆ వరుసలో అక్షరం తెలిసినవారు మరొకరు లేరు. ఆమె పుస్తకాన్ని గుడ్డ సంచిలో పెట్టుకుని, పురసవాక్కంలో ఉన్న ఒక విశ్రాంత తెలుగు పండితుడి దగ్గరికి తీసుకువెళ్ళింది.

బుధవారం తిరిగి వచ్చింది. పాఠకులు అభిప్రాయం రాసి పంపాలని పుస్తకం చివర ఒక కాగితం కుట్టి ఉంది. పండితుడు దానిమీద గుండ్రని దస్తూరితో, తక్కిన పదకొండు భాగాలూ మెట్లనీ ఇదే గర్భగుడి అనీ రాశారు.

"నువ్వు పేజీలు వదల్లేదంట. ఆయన మంచోడే, తాగేదానికి కాపీ ఇచ్చినాడు. ఆ బిడ్డ సంగతడిగితే ఆయన గూడా నవ్వినాడు."

తరువాత సంచి మడతపెడుతూ అడిగింది.

"నీడొచ్చిందని ఒక మాట కలిపి చదివుంటే నాకు తెలిసుండునా?"

"లేనిది కలపకూడదు పెద్దమ్మా."

"వస్తాదని జెప్తా వచ్చినావే నాలుగేండ్లు. ఆ మాట పుస్తకంలో ఉండిందా?"

లేదు. నా పట్టికలో తప్ప ఎక్కడా లేదు.

పండితుడి వాక్యం కింద తన అభిప్రాయం కూడా రాయమంది. "నీడ ఇయ్యలేదు" అని రాయి, అంతే చాలు అంది. అలాగే రాశాను. నా అభిప్రాయానికి ఇంకా రెండు పంక్తుల చోటు మిగిలింది; నింపకుండానే మరునాడు తపాలాలో వేశాను.

ఆదివారం నాలుగు గంటలకు కొత్త నవల తీసుకుని నడవలో కూర్చున్నాను. పెద్దమ్మ పీటతో వచ్చింది గాని దాన్ని కింద పెట్టలేదు.

"ఇది ఎన్ని పుస్తకాలు?"

"ఎనిమిది. ఇప్పటికి మూడు వచ్చాయి."

"ఎనిమిదోది వచ్చి, నువ్వు చదివినాక పిలు నాయనా" అని పీట చంకన పెట్టుకుని లోపలికి వెళ్ళింది.