పైపు మీద ముప్పై నాలుగు డిగ్రీలు

దయ్యం ఉందని ఎవరైనా నా ముందు అంటే ఈ రోజుకీ వాదనకు దిగుతాను. ఉరవకొండలో మోటార్ల వైండింగ్ షాపు నాది. నేను చూసిన దయ్యాలన్నీ చివరికి లూజు కనెక్షన్లే అని తేలాయి.

బెళుగుప్ప దగ్గర మా చీనీ, అంటే బత్తాయి తోటకు మిగిలింది ఒక్కటే బోరు. నీళ్లు అందక మోటారు వట్టిగా తిరిగి కాలిపోతే, ఆ వేసవికి చెట్లు దక్కవు. అమ్మ ఉన్నప్పుడు ఆ భయం లేదు. కరెంటు రాగానే వెళ్లి, ఎండకు కాలే ఇనుప పైపు మీద అరచెయ్యి పెట్టేది. చల్లబడితే నీళ్లు వచ్చినట్టు. లేకపోతే మోటారు ఆపేసేది.

అమ్మ పోయాక ఆ పని వైఫై ఉన్న ఒక చిన్న బోర్డుకు అప్పగించాను. ఆమె చెయ్యి తగిలి తగిలి నున్నబడిన చోటే వేడి కొలిచే సెన్సర్ కట్టాను. పైపు ఐదు నిమిషాలు వెచ్చగా ఉంటే బోర్డే మోటారు ఆపుతుంది. రీడింగు నా ఫోనులో కనిపిస్తుంది.

మొదటి రోజు నుంచే తేడా. నీళ్లు పారుతుంటే ఇరవై ఎనిమిది ఉండాలి. రోజూ కరెంటు వచ్చిన కాసేపటికి ఒకసారి మాత్రం ముప్పై నాలుగుకు లేచి, రెండు నిమిషాలు నిలిచి దిగేది. అరచేతి వెచ్చదనమంత. సెన్సర్ మార్చాను, వైరు మార్చాను, బోర్డే మార్చాను. జానెడు దూరంలో ఇంకో సెన్సర్ కట్టాను. అది కదల్లేదు, మొదటిది లేచింది. ఎదురుగా కూర్చుని కూడా చూశాను. అక్కడ ఎవరూ లేరు.

మా అన్న హడలిపోయాడు. "తీసెయ్యప్పా ఆ డబ్బీ. అయ్యవారిని పిలిపించి శాంతి చేయిద్దాం. అమ్మ ఈడే తిరుగుతాండాది."

"సెన్సర్ చెడిపోయింటే మారుస్తాన్నా. శాంతీ గీంతీ నాతో కాదు," అన్నాను.

ఏప్రిల్లో ఒక ఉదయం ముప్పై నాలుగు దిగలేదు. నీళ్లు నిండుగా పారుతుండగానే బోర్డు మోటారు ఆపేసింది. మళ్లీ వేశాను, మళ్లీ ఆగింది. మూడుసార్లు. బోర్డు పీకేసి నేరుగా వేద్దామన్నాడు అన్న. నాకు మొండితనం ఎక్కింది. తప్పు ఎక్కడుందో తేల్చాలని మోటారునే పైకి తీయించాను.

కేబుల్ బోరు గోడకు ఒరుసుకుని, తొడుగు చిరిగి, రాగి బయటపడి ఉంది. ఇంకాసేపు నడిచి ఉంటే మోటారు కాలిపోయేది. నాలుగు వందల అడుగుల లోతున ఉన్న ఆ చిరుగు సంగతి నేలపైన పైపు మీది సెన్సర్‌కు తెలిసే దారి లేదు. నాకు తెలిసిన విద్యలో లేదు.

కేబుల్ మార్చి దించాం. చెట్లు బతికాయి. ఆ రోజు నుంచి నీళ్లు పారుతుండగా రీడింగు ఇరవై ఎనిమిది దాటలేదు. ఎందుకు లేచేదో, ఎందుకు ఆగిపోయిందో నాకు ఇప్పటికీ తెలియదు. సెన్సర్ బాగైందని సంతోషపడాల్సిన వాణ్ణి, రోజూ కరెంటు రాగానే ఫోను పట్టుకుని చూస్తున్నాను.

అన్న ఇంకా శాంతి అంటూనే ఉన్నాడు. నేను ఒప్పుకోలేదు, ఒప్పుకోను. చేయిస్తే ఆ రీడింగు ఇక ఎప్పటికీ లేవదేమోనని భయం.